కుంకుమ పెట్టిన కత్తెర

కొత్తగా మా శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, బ్లూబెర్రీకి వచ్చే పుండు తెగులు గురించి మీకు బాగా తెలుసట కదా" అంటుంటారు. తెలుసు. ఉత్తర తెలంగాణలో ఆ తెగులు గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి లేదు. ఎందుకంటే ఇక్కడ దాన్ని చేతులారా పెంచింది నేనే. మొక్కలు పెంచమని జీతమిస్తే తెగులు పెంచినదాన్ని కాబట్టి ఆ ముచ్చట నేనే రాసిపెట్టడం న్యాయం. పేర్లు మాత్రం చెప్పను. శాఖ పేరు అంతకంటే చెప్పను. పింఛను మీద బతుకుతున్నాను, నా ధైర్యానికీ ఒక హద్దుంది.

నా నౌకరీ ఎక్కువ భాగం ఆసిఫాబాద్ వైపు నారింజ తోటల్లో, మామిడి తోటల్లో గడిచింది. చివరి రెండేళ్లకు కరీంనగర్ వచ్చాను. వచ్చిన ఏడాదే మా పెద్దసారు ఏదో చల్లటి దేశానికి అధ్యయన యాత్ర పోయి వచ్చారు. అక్కడ పొద్దున ఫలహారంలో బ్లూబెర్రీలు పెట్టారట. సారు తిన్నారు, నచ్చాయి. ఆ గిన్నె ఖాళీ అయ్యేలోపే మన రైతు బతుకు మార్చాలని నిర్ణయం జరిగిపోయింది.

మీటింగులో సారు అడిగారు, "మన దగ్గరెందుకు పండదు?"

ఆయన అడిగింది జవాబు కోసం కాదని తెలియక నేను చెప్పాను. "సార్, దానికి పుల్లటి మట్టి కావాలె. మన నీళ్లల్ల సున్నం. దానికి చలి కావాలె. మన దగ్గర రోహిణి కార్తెల రోళ్లు పగులుతయి."

సారు నన్ను జాలిగా చూశారు. "మీలాంటి సీనియర్లే ఇలా నెగెటివ్‌గా ఆలోచిస్తే ఎలా అమ్మా?" అన్నారు. నెగెటివ్‌గా ఆలోచించిన నేరానికి ఆ పథకం బాధ్యత నాకే అప్పగించారు. మా శాఖలో శిక్ష వేసే పద్ధతి అది.

మొక్కల్ని నేలలో పెడితే చస్తాయని, పెద్ద సంచుల్లో కొబ్బరి పొట్టు నింపి పెట్టాం. పైన షేడ్‌నెట్. నీళ్లను కొంచెం పులుపు చేసి డ్రిప్పులో వదలడం. మూడు వందల మొక్కలు. ఇక రైతును ఎంచుకోవాలి. నేను హుస్నాబాద్ దగ్గర ఒక చోటు చూశాను, అక్కడ బావి నీళ్లు మంచివి, రైతు హుషారైనవాడు. సారు ఒప్పుకోలేదు. ఆ దారిలో దేవుడు లేడు. వేములవాడ పోయే రోడ్డు పక్కన పొలం కావాలన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చే పెద్దలు పొద్దున రాజన్న దర్శనం చేసుకొని, తిరుగు దారిలో మా తోట తనిఖీ చేసి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలి. అందుకే ఆ పథకం నడిచినన్నాళ్లు తనిఖీలన్నీ శివుడి వారమైన సోమవారాలే వచ్చాయి.

అలా రోడ్డు పక్కన పొలం ఉన్న పాపానికి ఎంపికైనవాడు నలభైకి దగ్గర పడిన ఒక రైతు. పదకొండేళ్లు గల్ఫ్‌లో లారీ నడిపి వచ్చాడు. మళ్లీ పోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడు. మొదటి రోజు నాతో ఒక మాట చెప్పాడు.

"నేనొచ్చిన వారం దినాలకు మా బిడ్డ వాళ్ల అవ్వను అడిగింది మేడం, గీయన మళ్ల ఎప్పుడు పోతడు అని. నన్నే. నేను పక్కనే కూసున్న. గప్పుడే అనుకున్న, ఇగ పోవద్దని. గీ మొక్కలు బతికితె నేను ఈడనే ఉంట."

బతికిస్తానని మాటిచ్చాను. భార్య పక్కనే నిలబడి మొక్కకు కట్టిన అట్ట మీది పండ్ల బొమ్మను చూస్తోంది. "గివి మా చెల్కల పరికిపండ్ల లెక్కనే ఉన్నయి గద. పరికికి నీళ్లు పొయ్యాలె, నెట్టు కట్టాలె అని ఎవ్వలనంగ ఇనలే" అంది. ఆమె చూపు ఎంత పదునైనదో నాకు అప్పుడే అర్థం కావలసింది.

ఇప్పుడు కత్తెర గురించి. ప్రారంభం రోజు ఒక పెద్దమనిషి వచ్చి, గేటు పక్కనున్న మొదటి మొక్కకు ఒక కొమ్మ కత్తిరించారు. కొమ్మలు కత్తిరిస్తే మొక్క గుబురుగా పెరుగుతుందని నేనే సలహా ఇచ్చాను. మెరిసే కొత్త కత్తెర, దానికి కంకణం, బొట్టు. కత్తెరకు ఎర్ర మఖ్మల్ పరిచిన పెట్టె. ఆ రోజు ఫోటోలు బాగా వచ్చాయి. దాంతో అదొక ఆచారమైపోయింది. వచ్చిన ప్రతి అతిథీ మొదట శుభానికి గేటు పక్క మొక్కకు చిన్న కొమ్మ కత్తిరించాలి, తర్వాత లోపల తనకంటూ కేటాయించిన మొక్కను కత్తిరించాలి. ఆ మొక్క ముందు బోర్డు పాతాలి, "ఫలానా వారి చేతుల మీదుగా" అని. బోర్డులు రాసేది మా ఆఫీసు గుమాస్తా. సిరిసిల్ల మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, రంగుల మీద ప్రాణం. హోదాను బట్టి బోర్డు సైజు, అంచు రంగు మార్చేవాడు. ఒకసారి చిన్న హోదాకు బంగారు అంచు వేసినందుకు అతనికి చీవాట్లు కూడా పడ్డాయి.

కత్తెర పెట్టె మోసేది నేను. ఒక్క మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయేముందు కత్తెరను స్పిరిట్‌లో ముంచాలని నాకు తెలియదా? ముప్పై ఏళ్లు రైతులకు అదే చెప్పాను. అసలు నాకు చెప్పింది ఆసిఫాబాద్ దగ్గర ఒక ముసలి నారింజ రైతు. చెట్టు బెరడు కుళ్లితే గీకేముందు కత్తిని మంట మీద పట్టి, "కత్తికి సుత అంటుడుంటది బాయి" అన్నాడు. పుస్తకంలో నాలుగు పేజీల పాఠం అతనికి ఒక్క మాటే. రెండో తనిఖీ రోజు నేను సీసా తీసి కత్తెర మీద స్పిరిట్ పోశాను. బొట్టు కారిపోయి అతిథి చేతికి ఎర్రగా అంటింది. సారు నన్ను పక్కకు పిలిచారు. "అమ్మా, దర్శనం చేసుకొని వచ్చిన మనిషి చేతికి స్పిరిట్ వాసన పట్టిస్తారా? రెండు కొమ్మలకు ఏమవుతుంది?"

రెండు కొమ్మలకు ఏమవుతుందిలే అని నేనూ అనుకున్నాను. ఆ తర్వాత సీసా తీయలేదు. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. మామూలు సిగ్గు, మామూలు భయం, అంతే.

వానాకాలం మధ్యలో తోట ఎండటం మొదలైంది. పుండు తెగులంటే శిలీంధ్రం తెచ్చే జబ్బు. కొమ్మ మీద ఎర్రటి మచ్చ లేచి, ఉబ్బి, పగిలి పుండవుతుంది. ఆ పైనున్న కొమ్మంతా ఎండుతుంది. ఆకులు రాలవు, ఎర్రగా మాడి కొమ్మనే పట్టుకొని వేలాడతాయి. నేను పోయి చూసేసరికి ముప్పై నలభై మొక్కలు అలా ఉన్నాయి. రైతు నా వెనకే తిరుగుతున్నాడు. "మేడం, ఏమన్న మందు చెప్పుండ్రి. నాకు నిద్ర పడ్తలేదు" అన్నాడు. సంచులు తడిగా ఉన్నాయి. వాన పడుతోంది కాబట్టి తడిగానే ఉంటాయి. కానీ నాకు అప్పుడు ఒక జవాబు కావాలి, తడి చేతికి అందింది. నీళ్లు ఎక్కువ పోశావన్నాను. అతను కాదనలేదు. ఆఫీసరు చెప్పాక తప్పు చేసే ఉంటాననుకున్నాడు.

రిపోర్టు రాయాలి. నష్టానికి కారణం అన్నచోట మా ఫారంలో మూడే గడులు. వాతావరణం, మొక్కల్లో లోపం, రైతు నిర్లక్ష్యం. వాతావరణం అంటే పథకమే తప్పు, అది సారును అన్నట్టు. మొక్కల్లో లోపం అంటే కొన్నవాళ్లను అన్నట్టు, వాళ్లు సారుకంటే పైనున్నవాళ్లు. ఎవరినీ నొప్పించనిది మూడో గడి. ఆఫీసరు నిర్లక్ష్యం అని నాలుగో గడి ఉంటే టిక్కు పెట్టేదాన్నా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పెట్టేదాన్ని కాదు.

ఆ రిపోర్టు రెండు రోజుల్లో హైదరాబాద్ చేరింది. మా శాఖలో అంత వేగంగా నడిచిన కాగితాన్ని నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. వారం తిరక్కుండా ఆర్డరు. సదరు రైతును పథకం నుంచి తొలగించడమైనది, మొక్కలు, నెట్టు, డ్రిప్పు వేరొక రైతుకు అప్పగించబడును. అయితే పదిహేను రోజుల్లో ఒక పెద్ద తనిఖీ ఉన్నందున అంతవరకు సదరు రైతే నీళ్లు పెట్టవలెను.

ఆ కాగితం ఇచ్చిన మూడోనాడు అతని భార్య ఫోన్ చేసింది. "మేడం, ఒక్కసారి రాండ్రి" అని పెట్టేసింది. పోయాను. రైతు రాలేదు, ఇంటి ముందు మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. ఆమె నన్ను నెట్టు కిందికి తీసుకుపోయింది.

"మేడం, నేను ఐదో తరగతి దాంకనే. మీరు సదువుకున్నోళ్లు. జర గీ బోర్డులు సదువుండ్రి."

"ఎందుకమ్మా?"

"సదువుండ్రి."

ఫలానా వారి చేతుల మీదుగా. బోర్డు వెనక మొక్క మాడి ఉంది. ఇంకో ఫలానా వారి చేతుల మీదుగా. అదీ మాడింది. బంగారు అంచు, వెండి అంచు, నీలం అంచు, అన్నీ మాడినవే. బోర్డు లేని మొక్కలు మాత్రం పచ్చగా, నిక్షేపంగా ఉన్నాయి. వరసలన్నీ తిరిగాం. ఎక్కడో రెండు మూడు తప్ప ఆ లెక్క తప్పలేదు.

"మా ఆయన నీళ్లు ఎక్కువ పోసిండంటిరి" అందామె. గొంతు పెంచలేదు. "పెద్దోళ్ల మొక్కలు చూసి చూసి పోసిండా మేడం?"

 గేటు దగ్గరికి వచ్చి మొదటి మొక్క కొమ్మ ఒకటి కోశాను. పైకి కొంచెం వాడినట్టుందంతే, లోపల కట్టె గోధుమ రంగుకు తిరిగింది. జబ్బు నర్సరీ నుంచే ఆ మొక్కతో వచ్చింది. మేం దాన్నే మొదటి మొక్కగా ఎంచుకొని, ప్రతి అతిథి చేత మొదట దాన్ని కోయించి, అదే కత్తెరతో తిన్నగా ఒక ఆరోగ్యమైన మొక్క దగ్గరికి తీసుకుపోయి, గాయం చేయించి, చప్పట్లు కొట్టాం. ఒక జబ్బును ఇంత క్రమశిక్షణతో, ఇంత మర్యాదగా ఎవరూ పంచి ఉండరు.

చేయాల్సింది ఒక్కటే. పుండుకు జానెడు కిందికి, లోపలి కట్టె తెల్లగా కనబడేదాకా కోసి, కోసింది కాల్చాలి. ఆలస్యమైతే వాన చినుకులతో పక్క మొక్కలకు పాకుతుంది. సారు దగ్గరికి పరుగెత్తాను. సారు శాంతంగా విన్నారు.

"మంచిది. తనిఖీ అయ్యాక కోయండి."

"అప్పటిదాక ఆగితె మంచియి సుత పోతయి సార్."

"ఇప్పుడు కోస్తే ముందు వరసలన్నీ గుండు కొట్టినట్టు కనబడతాయి. వచ్చేవాళ్లు తోట చూడటానికి వస్తున్నారమ్మా, మోళ్లు చూడటానికి కాదు." కాసేపు ఆలోచించి గుమాస్తాను పిలిచారు. మాడిన ఆకులకు పచ్చ రంగు కొట్టించమన్నారు. హైదరాబాద్‌లో పెద్ద దుకాణం నుంచి పది డబ్బాల బ్లూబెర్రీలు తెప్పించి వెండి పళ్లెంలో పెట్టమన్నారు. గుమాస్తా ఒకే ఒక్క సందేహం అడిగాడు.

"ఏ పచ్చ సార్? ఆకుపచ్చనా, చిలకపచ్చనా?"

పిల్లలూ, నవ్వకండి. నేనప్పుడు ఆకుపచ్చే నయమేమో అని ఒక క్షణం ఆలోచించాను. ముప్పై ఏళ్ల నౌకరీ మనిషిని అక్కడికి తెస్తుంది.

రంగు డబ్బాలు వచ్చాయి. ఆ శనివారం వాన తెరిపి ఇచ్చి ఎండ కాసింది. ఆదివారం పొద్దున కూడా పొడిగానే ఉంది. సోమవారం తనిఖీ. నేను రెండు మామూలు కత్తెరలు, స్పిరిట్ క్యాను తీసుకొని బస్సెక్కి ఆ ఊరికి పోయాను. రైతు గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"నన్ను తీసేసిండ్రు గద మేడం. ఇగ నాతోని ఏం పని?"

"తమ్మీ, తప్పు నీది కాదు. నాది. కత్తెర కడగలే నేను."

అతనికి కోపం తగ్గలేదు. "గీ ముచ్చట నా ఒక్కనికి చెప్తె ఏమొస్తది? ఊరంత నన్ను జూసి నవ్వుతుంది. మొక్కకు నీళ్లు పొయ్య రానోడు ఎవుసం జేస్తడట అని. నా మీద కాగితం రాసిండ్రు. గిది సుత కాగితం మీద రాయుండ్రి."

"రాస్త."

"రాసినంక మాట్లాడుదాం" అని పక్కకు జరిగాడు. మేం కోయడం మొదలుపెట్టాం, నేనూ అతని భార్యా. పది మొక్కలయ్యాక అతనొచ్చి నా చేతిలో కత్తెర తీసుకున్నాడు. "మొక్కలేం పాపం జేసినయి" అన్నాడు, నన్ను చూడకుండా. మధ్యాహ్నం దాటేదాకా కోశాం. ప్రతి మొక్కకూ కత్తెర ముంచాం. కోసిందంతా కుప్ప పోసి కాల్చాం. ఆ పొగలో మా ముగ్గురి కళ్లూ నీళ్లు కారాయి, పొగ వల్లే అని ఎవరికి వాళ్లం అనుకున్నాం.

సోమవారం కార్లు వచ్చాయి. ముందు కారులోంచి దిగిన పెద్దమనిషి రాజన్నకు తలనీలాలు ఇచ్చి వచ్చారు. నున్నటి గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. లోపలికి వచ్చి, జానెడు మోళ్లు నిలబడ్డ ముందు వరసలను చూసి, తన తల తడుముకున్నారు.

"వీటికి కూడా గుండు చేయించారా?"

పెద్దసారు ముఖంలో నెత్తురు లేదు. కానీ ఆయన ఊరికే పెద్దసారు కాలేదు. "ఇది కొత్త పద్ధతి సార్" అన్నారు వెంటనే. "రైతు నిర్లక్ష్యం వల్ల జబ్బు వస్తే మనవాళ్లు ఈ పద్ధతిలో కాపాడారు. రైతును కూడా మార్చేశాం."

రైతు, భార్య నెట్టు చివర నిలబడి ఉన్నారు. అతను తల దించుకోలేదు, నన్నే చూస్తున్నాడు.  చెప్పకపోతే ఆ చూపు నాతో ఇంటికి వస్తుందని తెలిసింది.

"రైతు తప్పేం లేదు సార్. మా కత్తెర వల్ల వచ్చింది. ఆ పెట్టె నా చేతులనే ఉండె. కడగాలని నాకు తెలుసు, కడగలే."

పెద్దమనిషి చుట్టూ చూశారు. అంతకుముందు ఆయన ఒకసారి వచ్చి ఉన్నారు. "నా మొక్క ఏది?" అన్నారు. గుమాస్తా చూపించాడు. బంగారు అంచు బోర్డు, దాని వెనక మోడు. ఆయన వంగి ఆ మోడును దగ్గరగా చూశారు.

"అంటే దీన్ని నేనే చంపానా?"

"మీరొక్కరే కాదు సార్. అందరం కలిసి."

 ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "రాసి పంపండి" అని వెళ్లిపోయారు. వెండి పళ్లెంలో హైదరాబాద్ పండ్లు అలాగే ఉన్నాయి. డ్రైవర్లు తిన్నారు, పుల్లగా ఉన్నాయన్నారు.

నేను ఆ రాత్రికి ఆగకుండా అక్కడే కూర్చొని రాశాను. మూడు గడులూ కొట్టేసి, పక్కన ఖాళీలో జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. నాకు మెమో నాలుగు రోజుల్లో వచ్చింది. ఇంక్రిమెంటు ఆపారు. దానికి నేనేం బాధపడలేదు. నన్ను బాధపెట్టింది ఇంకోటి. రైతును తీసేసిన ఆర్డరును రద్దు చేయడానికి అదే ఫైలు ఏడు నెలలు తిరిగింది. ప్రతి బల్ల మీదా ఆగింది. కొట్టేసిన గడుల గురించి వివరణ అడిగారు. మూడు గడుల్లో ఒకటి కచ్చితంగా ఎంచుకోవాలని ఒకసారి, నాలుగో కారణానికి నిబంధన లేదని ఒకసారి వెనక్కి పంపారు. ఈలోగా పెద్దసారు ఒక సదస్సులో గుండు పద్ధతి గురించి ప్రసంగించి శాలువా కప్పించుకున్నారు.

రెండో నెలలో రైతు గల్ఫ్ వెళ్లిపోయాడు. పోయేముందు ఆఫీసుకు వచ్చాడు. "కాగితం వచ్చిందా మేడం?" అని అడిగాడు. రాలేదన్నాను. "మీరు రాసిండ్రని తెలుసు. ఫికర్ జెయ్యకుండ్రి" అని నన్నే ఓదార్చి పోయాడు. ఆ రోజు నేను ఇంటికి పోయి అన్నం తినలేదు.

కొత్త రైతుకు అప్పగించే ఆర్డరు కూడా ఆ ఫైలులోనే ఇరుక్కుంది. అందువల్ల తోట ఎవరిదీ కాకుండా పోయింది. నీళ్లు ఎవరు పెట్టాలో ఎవరూ ఆర్డరు వేయలేదు. అతని భార్య పెట్టింది. చలికాలం చివరికి మోళ్ల కింది నుంచి చిగుళ్లు వచ్చాయి. అన్నీ కాదు, సగానికి పైగా. కొత్త కొమ్మల మీద ఒక్క మచ్చ లేదు.

ఏడో నెలలో ఆర్డరు వచ్చింది. నేనే తీసుకుపోయాను. శుక్రవారం, గల్ఫ్‌లో వాళ్లకు సెలవు. ఆమె పేజీ అటూ ఇటూ తిప్పి, "సదరు రైతు స్వయంగా సంతకం చేయాలె అని ఉంది. గాయన ఏడున్నడు మేడం?" అంది. ఇన్ని నెలలు నీళ్లు పోసింది నువ్వే కదా, నువ్వే సదరు రైతువు అని ఆమె చేతనే సంతకం పెట్టించాను. తర్వాత ఆమె వీడియో కాల్ చేసి ఫోన్ నాకిచ్చింది.

చిన్న గది, రెండంతస్తుల మంచాలు, తీగల మీద ఆరేసిన బట్టలు. అతను చిక్కిపోయాడు.

"కాగితం వచ్చింది తమ్మీ."

"సదువుండ్రి మేడం."

"సదరు రైతు వల్ల ఎటువంటి నిర్లక్ష్యం జరగలేదని విచారణలో తేలినందున" అని చదివాను. అతను ఆగమన్నాడు. వెనక్కి తిరిగి, "అరే, లేవుండ్రి, ఇటు రాండ్రి, మా మేడం మాట్లాడుతుంది" అని పిలిచాడు. ఐదారుగురు వచ్చి ఫోన్ ముందు తలలు పెట్టారు. "వీళ్లందరు మన దిక్కోళ్లే మేడం. ఈడ నన్ను మొక్కలు సంపుకొని వచ్చినోడు అంటరు. జర మళ్ల సదువుండ్రి. గట్టిగ."

మళ్లీ చదివాను, గట్టిగా. చివర కాగితంలో లేని వాక్యం ఒకటి కలిపాను. "తప్పు ఆఫీసరుది. ఆ ఆఫీసరును నేనే."  తర్వాత ఎవరో, "ఇన్నరా, ఇగ ఆయన్ని ఏమనకుండ్రి" అన్నారు. అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"ఎప్పుడొస్తవ్ తమ్మీ?"

"రెండేండ్ల కాంట్రాక్టు మేడం. మధ్యల రానియ్యరు. అది అయిపోయినంక వస్త. అప్పటిదాంక గా మొక్కలు మా పేరు మీదనే ఉంటయా? మీరు చూసుకుంటరా?"

"ఉంటయి. నేను చూసుకుంట" అన్నాను.

ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు. ఇంకో పదిహేను రోజుల్లో నేను రిటైరవుతున్నానని అతనికి చెప్పలేకపోయాను.